బరువు పేరుతో తలుపు మూయకండి, బరువు పేరుతో బిల్లు పెంచకండి

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి, రాజీవ్ ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టు అధికారులకు, సంగారెడ్డి జిల్లా ఎముకల వైద్యులకు,



“బరువు తగ్గి రామ్మా, అప్పుడు చూద్దాం.” మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయి ఆసుపత్రి మెట్లెక్కిన లావుపాటి ఆడవాళ్ళకు మా ప్రాంతంలో తరచూ ఎదురయ్యే మాట ఇది. అప్పు చేసి ఇంకో ఆసుపత్రికి పోతే అక్కడ వినిపించేది వేరే మాట: “మీ బరువుకు మామూలు జాయింట్ ఆగదు. మంచి రకం వేయించుకోవాలి, కొంచెం ఖర్చవుతుంది.” ఒక గడపలో ఆమె బరువు వెనక్కి పంపడానికి కారణమవుతోంది, మరో గడపలో అదే బరువు బిల్లు పెంచడానికి కారణమవుతోంది. ఆమె ఎముక ఎంత చిన్నది, కాలు ఎంత వంకర తిరిగింది, ఏ ఇంప్లాంట్ ఎందుకు కావాలి, దాని ధర ఎంత అన్న నాలుగు సంగతులు కాగితం మీద పెట్టి చెప్పేవారు రెండు చోట్లా కరువే. ఈ తీరును ఒప్పుకోలేక ఈ లేఖ రాస్తున్నాను.

మంత్రి గారూ, మీరు ఆందోల్ ప్రజలు ఎన్నుకున్న శాసనసభ్యులు. ఆందోల్ ఉన్నది ఈ జిల్లాలోనే. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి ఫ్యాక్టరీలకు పొద్దున షిఫ్టుకు పోయే ఆడవాళ్ళు మీకు తెలియనివారు కారు. మందుల కంపెనీల్లో ప్యాకింగ్, క్యాంటీన్లలో వంట, ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే పని. అన్నీ గంటల తరబడి నిలబడి చేసేవో, గొంతుక్కూర్చుని చేసేవో. షిఫ్టు దిగి ఇంటికి చేరాక బట్టలూ అంట్లూ మళ్ళీ అదే భంగిమలో. వయసు మీద పడడం, బహిష్టులు ఆగిపోవడం, పెరిగిన బరువు, ఏళ్ళ తరబడి వంగి లేచే పని, ఇవన్నీ కలిసి మోకీలును అరగదీస్తాయి. ఇన్ని కారణాల్లో బరువు ఒక్కదాన్నే పట్టుకుని “నీ వల్లే వచ్చింది” అన్నట్టు మాట్లాడే అధికారం ఎవరిచ్చారు?

2023 డిసెంబర్ 9న మీ ప్రభుత్వం రెండు పథకాలు ఒకేరోజు మొదలుపెట్టింది. ఒకటి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం. రెండోది ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచడం. రెండూ ఆడవాళ్ళకు ఎంతో మేలు చేసే నిర్ణయాలే. అయితే బస్సు మెట్టు ఎక్కలేని మనిషికి ఉచిత టికెట్టు ఎలా అక్కరకొస్తుంది? ఆపరేషన్ గది దాకా పోనివ్వని మనిషికి 10 లక్షల పరిమితి ఎలా అక్కరకొస్తుంది?

ఇది నలుగురైదుగురి సమస్య అనుకుంటే పొరపాటు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం మంది స్త్రీలు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. తెలంగాణలో అది 30 శాతం. ఆ లెక్క 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలది మాత్రమే. మోకీలు మార్పిడి అవసరం ఎక్కువగా పడేది 55 దాటాక. అంటే ఎవరి మోకాళ్ళ గురించి మనం మాట్లాడుతున్నామో వాళ్ళు ఆ లెక్కలోకే రాలేదు. లెక్కలోకి రానివారికి మీ ప్రణాళికలో చోటెక్కడ?

డాక్టర్లూ, మీ భయం నిజమైనదే. బరువు బాగా ఎక్కువున్నవారిలో కుట్లు మానకపోవడం, చీము పట్టడం, ఇంప్లాంట్ వదులవడం ఎక్కువ. షుగర్ అదుపులో లేకపోతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. చీము పట్టిన కృత్రిమ కీలును తీసి మళ్ళీ వేయడం రోగికీ మీకూ నరకమే. ఈ సంగతి రోగికి చెప్పడం మీ ధర్మం. చెప్పి, తూచి, ఆమెతో కలిసి నిర్ణయించడం ఒక పద్ధతి. తూకం యంత్రం మీద అంకె చూసి చీటీ వెనక్కి ఇచ్చేయడం మరో పద్ధతి. మొదటిది వైద్యం. రెండోదాన్ని ఏమనాలి?

ఎత్తుతో పోల్చి బరువును కొలిచే బీఎంఐలో 40 అనే గీత ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలుసు. అమెరికాలోని తుంటి, మోకీలు శస్త్రవైద్యుల సంఘం తరఫున ఒక నిపుణుల బృందం, 40 దాటినవారికి ఆపరేషన్ వాయిదా వేసే విషయం ఆలోచించాలని 2013లో సూచించింది. అదే సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీతో కలిసి 2023లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. ఫలానా బరువుకో బీఎంఐకో దిగేదాకా ఆపరేషన్ ఆపవద్దన్నది వాటిలోని సూచన. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు నిర్దేశించే నైస్ సంస్థ 2022 అక్టోబర్‌లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఇంకా సూటిగా ఉన్నాయి: అధిక బరువు, ఊబకాయం కారణంగా ఎవరినీ కీలు మార్పిడికి పంపకుండా ఆపకూడదు. గీత గీసినవారే దాన్ని చెరిపేశాక మన ఆసుపత్రుల్లో అది ఎందుకు మిగిలి ఉంది? నొప్పి తగ్గడంలో, నడక మెరుగవడంలో లావుగా ఉన్నవారూ మంచి లాభమే పొందుతారని తెలిసి కూడా ఎందుకు మిగిలి ఉంది?

అంకె సంగతి మన ఆడవాళ్ళ ఎత్తుతో కలిపి చూడండి. అయిదడుగులకు కాస్త తక్కువగా, 150 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి 90 కిలోలకే బీఎంఐ 40 వస్తుంది. మరి ఆ 90 కిలోల నుంచి తగ్గడం ఎలా? మోకాలు కదపలేని మనిషి నడకతో బరువు తగ్గాలా? “తగ్గి రా” అన్న డాక్టరు ఏ డైటీషియన్ దగ్గరికి పంపారు? ఎన్ని కిలోలు, ఎన్ని నెలల్లో అని రాసిచ్చారా? తగ్గకపోతే తరువాత ఏం చేస్తారో చెప్పారా? బరువు తగ్గించే సూదిమందులు మోకాలి నొప్పిని కూడా తగ్గిస్తాయని 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన పరీక్షలో తేలింది. అందులో సెమాగ్లూటైడ్ అనే సూదిమందు తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 13.7 శాతం బరువు తగ్గారు. 2025లో ఈ రకం మందులు మన మార్కెట్లోకీ వచ్చాయి. అంతకాలం వాటిని కొనగల స్తోమత ప్యాకింగ్ సెక్షన్‌లో కాంట్రాక్టు జీతం మీద బతికే మనిషికి ఉందా? చేతిలో ఏ సాధనమూ పెట్టకుండా “బరువు తగ్గి రా” అంటే అది చికిత్స కాదు, ఆసుపత్రి నుంచి పంపించేయడం.

ఈలోగా ఆమె చేసేదేమిటి? వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది, మందుల దుకాణంలో నొప్పి గోళీలు. ఏళ్ళ తరబడి మింగిన నొప్పి గోళీలు కడుపులో పుండ్లు తెస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి, బీపీ పెంచుతాయి. స్టెరాయిడ్ షుగరును పెంచుతుంది. నడక తగ్గేకొద్దీ బరువు పెరుగుతుంది, కాలు ఇంకా వంకర తిరుగుతుంది. ఏ ముప్పు తప్పించాలని మీరు ఆపరేషన్ ఆపారో, ఆ ముప్పు రెట్టింపై రెండేళ్ళ తరువాత మీ దగ్గరికే వస్తుంది. వాయిదాకు కూడా ఒక ప్రమాదం ఉందని, దాన్ని రోగి ఒక్కతే మోస్తోందని ఎవరైనా లెక్కలో రాసుకుంటున్నారా?

ఇక ఇంప్లాంట్ సంగతి. సెన్సర్లు అమర్చిన కృత్రిమ మోకీళ్ళతో జర్మనీలో కొలిచి చూశారు. చదును నేల మీద నడిచేటప్పుడు కీలు మీద పడే భారం శరీర బరువుకు రెండున్నర రెట్లు. మెట్లు దిగేటప్పుడు సుమారు మూడున్నర రెట్లు. 90 కిలోల మనిషి మెట్టు దిగితే ఆ కీలు 300 కిలోలకు పైగా మోయాలి. ఇక్కడే మన ఆడవాళ్ళ విషయంలో అసలు చిక్కు ఉంది. ఒళ్ళు పెరిగినంత మాత్రాన ఎముక పెరగదు. పొట్టిగా ఉన్న స్త్రీ ఎముక చిన్నదే, దాని మీద కూర్చునే లోహపు పళ్ళెమూ చిన్నదే. పెద్ద సింహద్వారాన్ని అల్మారా బందుల మీద వేలాడదీసినట్టు, చిన్న పళ్ళెం మీద పెద్ద బరువు పడుతుంది. కింది ఎముక లోపలివైపు కుంగడం, పళ్ళెం వదులవడం ఇలా మొదలవుతాయి. పడమటి దేశాల శరీరాలకు తయారైన కొలతలు భారతీయ స్త్రీలలో చాలామందికి పెద్దవవుతున్నాయని మన శస్త్రవైద్యులే 2000 నాటికి కొలిచి రాశారు. పెద్దది వేస్తే అంచు ఎముక దాటి బయటకు వచ్చి కండను ఒరుసుకుంటుంది, మానని నొప్పిగా మిగులుతుంది.

కాబట్టి బరువెక్కువున్న స్త్రీకి ఇంప్లాంట్ ఎంచేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు తేటతెల్లంగా ఉన్నాయి. ఆమె ఎముకకు సరిపోయే చిన్న సైజులు, వెడల్పు తక్కువున్న సైజులు ఆపరేషన్ రోజున ఆసుపత్రిలో ఉన్నాయా? ఎముక బోలుగా ఉంటే, కాలు బాగా వంకర తిరిగి ఉంటే, కింది పళ్ళేనికి ఎముక లోపలికి దిగే పొడవాటి స్టెమ్ జోడించాలా? అలా జోడిస్తే భారం విశాలంగా పంచుకుంటుందని, వదులయ్యే ముప్పు తగ్గవచ్చని కొన్ని అధ్యయనాలు చూపాయి. అది అందరికీ అవసరం లేదు, కొందరికి మాత్రం తప్పనిసరి. సిమెంట్‌తో అతికించాలా, ఎముకే అల్లుకునే సిమెంట్ లేని రకం వేయాలా అన్నది మూడో ప్రశ్న. ఇవి డాక్టరు ఆ రోగి ఎక్స్‌రే ముందు పెట్టుకుని ఆలోచించవలసిన విషయాలు. ఆసుపత్రికి ఏ కంపెనీ సరఫరా చేస్తోందన్నదాన్ని బట్టి తేలవలసినవి కావు.

రోగికి అంటగట్టే “మంచి రకం” మాటేమిటి? ఎక్కువ వంగుతుందని అమ్మే హై ఫ్లెక్స్ రకం, మామూలు రకం కంటే చెప్పుకోదగ్గంత ఎక్కువ వంగదని పోల్చి చూసిన పరీక్షల్లో తేలింది. స్త్రీల కోసమే అంటూ 2006లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన మోడల్, మామూలు మోడల్ కంటే మెరుగని తరువాతి పరీక్షల్లో నిరూపణ కాలేదు. బంగారు రంగు పూత ఉన్నవి లోహం పడనివారికి ఉపయోగపడవచ్చు గానీ, బరువెక్కువున్నవారికి ఎక్కువకాలం మన్నుతాయనడానికి గట్టి ఆధారం లేదు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలన ప్రకారం మోకీలు మార్పిడుల్లో 82 శాతం 25 ఏళ్ళు నిలుస్తున్నాయి. ఆ లెక్కకు ఆధారమైనవి చాలాకాలంగా వాడుకలో ఉన్న రకాలే. లావుపాటి స్త్రీకి నిజంగా కావలసింది సరైన సైజు, అవసరమైతే స్టెమ్, వంకర సరిచేసే చెయ్యి. ఆమెకు అమ్ముతున్నది రంగు, పేరు, గ్యారంటీ మాట. ఈ తేడా తెలిసిన మీరు మౌనంగా ఉంటే ఆమెకు ఇంకెవరు చెబుతారు?

ధర సంగతీ చూడండి. 2017 ఆగస్టు 16న జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకీలు ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టింది. అప్పటిదాకా సగటున 1,58,324 రూపాయలున్న కోబాల్ట్ క్రోమియం కీలును 54,720కి దించింది. తొడ ఎముక భాగానికి 24,090, కింది ఎముక భాగానికి 16,990, మధ్యలో ప్లాస్టిక్ ముక్కకు 9,550, చిప్పకు 4,090. జీఎస్టీ అదనం. హై ఫ్లెక్స్‌కు 56,490 మాత్రమే. రెంటికీ మధ్య తేడా రెండు వేల రూపాయలు కూడా లేదు. ఆ ధరలు తరువాత కొంత మారినా పద్ధతి అదే. బిల్లులో ఇంప్లాంట్ ధరను విడిగా చూపాలని, బ్రాండు, తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు రాయాలని కూడా ఆ ఉత్తర్వు చెప్పింది. మన జిల్లాలో మోకీలు మార్పిడి చేయించుకుని వచ్చిన ఎంతమంది చేతిలో అలాంటి బిల్లు ఉంది? “మొత్తం ప్యాకేజీ” అని ఒకే అంకె రాసిచ్చే చోట గరిష్ఠ ధర పాటించారో లేదో ఎవరు తనిఖీ చేస్తున్నారు?

మా పటాన్‌చెరు ప్రాంతానికి ఇంకో బాధ ఉంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న కార్మికురాలికి ఈఎస్‌ఐ బీమా వర్తిస్తుంది. రామచంద్రాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. మోకాళ్ళు బాగున్నంతకాలం ఆమె చేతిలో ఆ కార్డు ఉంటుంది. మోకాళ్ళు పోయి నిలబడలేక పని మానేస్తే కొన్నాళ్ళకు కార్డూ పోతుంది. కాంట్రాక్టు కింద ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి సరిగ్గా ఆపరేషన్ అవసరమైన రోజుకు బీమా లేనిదవుతుంది. “బరువు తగ్గి రా” అని వాయిదా వేసిన ఆరేడు నెలలు ఆమెకు ఉద్యోగాన్నీ బీమానీ రెంటినీ పోగొట్టే నెలలు కావచ్చని వాయిదా వేసేవారు ఒక్కసారైనా ఆలోచించారా?

ఇంకో లోటు మొత్తం దేశానికి చెందినది. స్వీడన్ 1975 నుంచి మోకీలు మార్పిడుల రిజిస్టరు నడుపుతోంది. ఆస్ట్రేలియాకు 1999 నుంచి, ఇంగ్లండ్, వేల్స్‌లకు 2003 నుంచి జాతీయ రిజిస్టర్లున్నాయి. ఏ కంపెనీ కీలు ఏ బరువున్న మనిషిలో ఎన్నేళ్ళు నిలిచిందో వాళ్ళు చెప్పగలుగుతున్నారు. మనకు తప్పనిసరి రిజిస్టరు లేదు. దాని ఫలితం ఎలా ఉంటుందో ఒకసారి చూశాం. 2010లో జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డిప్యూ తన ఏఎస్‌ఆర్ తుంటి ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లు ఆ ఇంప్లాంట్లతో జరిగాయి. ఆ రోగుల్లో అత్యధికుల ఆచూకీ దొరకలేదు. ఎవరి ఒంట్లో ఏముందో రాసిపెట్టుకోని దేశంలో “ఈ బరువుకు ఈ ఇంప్లాంటే ఆగుతుంది” అని ఎవరైనా దేన్ని చూసి చెప్పగలరు?

మంత్రి గారూ, ట్రస్టు అధికారులారా, ఈ వివరాలు రాసిపెట్టే పని మీరు చేయగలరు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి నడుస్తోంది. ప్రతి ఆపరేషన్‌కూ ఎక్స్‌రే, ఫొటో, బిల్లు మీ దగ్గరికి వస్తాయి. వాటితో వచ్చే దరఖాస్తులో రోగి ఎత్తు, బరువు, ఇంప్లాంట్ పేరు, సైజు, బ్యాచ్ నంబరు, స్టెమ్ వేశారా లేదా అన్న వివరాలు తప్పనిసరి చేస్తే చాలు. ఏటేటా రోగికి ఒక ఫోన్ చేసి నడక ఎలా ఉందో అడిగి రాసుకుంటే చాలు. అయిదేళ్ళలో తెలంగాణ చేతిలో లావుపాటి, పొట్టి భారతీయ స్త్రీల మోకీళ్ళ గురించి మరెవరి దగ్గరా లేని సమాచారం ఉంటుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త శాఖ అక్కర్లేదు. ఎందుకు చేయకూడదు?

2024లో మీరు ఆరోగ్యశ్రీలో కొత్తగా 163 చికిత్సలు చేర్చారు, పాత ప్యాకేజీల ధరలు సవరించారు. అదే చొరవతో మరికొన్ని నిర్ణయాలు తీసుకోండి. మోకీలు మార్పిడికి బరువు ఒక్కటే కారణంగా ఎవరినీ తిరస్కరించకూడదని లిఖితపూర్వక ఆదేశం ఇవ్వండి. వాయిదా వేస్తే కారణం, గడువు, మధ్యలో ఇచ్చే చికిత్స రాసి రోగి చేతికివ్వాలని చెప్పండి. ఎముకల డాక్టరు, షుగరు డాక్టరు, డైటీషియన్, ఫిజియోథెరపిస్టు వారంలో ఒకరోజు ఒకేచోట కూర్చునే మోకాళ్ళ క్లినిక్‌ను సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రిలో పెట్టండి. 2022 నవంబరులో ప్రారంభమైన వైద్య కళాశాల ఉన్న చోట ఇది అసాధ్యమేమీ కాదు. వైద్యపరంగా అవసరమని డాక్టరు రాసినప్పుడు చిన్న సైజులకు, పొడవాటి స్టెమ్‌కు ప్యాకేజీలో విడిగా ఎంత సొమ్ము ఇస్తారో ప్రజలకు తెలిసేలా ప్రకటించండి. ఆ భాగం ఖర్చు ఆసుపత్రి నెత్తిన పడితే డాక్టరు దాన్ని వేయడానికి వెనకాడతాడు, రోగి నెత్తిన పడితే ఆమె ఆపరేషన్‌కే వెనకాడుతుంది. కార్మిక శాఖతో మాట్లాడి, మోకాళ్ళ వల్ల పని మానిన మహిళకు ఈఎస్‌ఐలో మొదలైన చికిత్స మధ్యలో ఆగకుండా ఆరోగ్యశ్రీలో కొనసాగే దారి చూపండి. ఎక్కువ బరువు మోయగల ఆపరేషన్ బల్ల, వెడల్పాటి బీపీ పట్టీ, గట్టి వాకర్లు జిల్లా ఆసుపత్రిలో ఉన్నాయో లేవో తనిఖీ చేయించండి.

డాక్టర్లూ, మీ సంఘానికీ ఒక మాట. ఇంప్లాంట్ ఎంపిక మీ హక్కు, దాన్ని ఎవరూ కాదనరు. ఆ హక్కుతో పాటు రోగికి అర్థమయ్యే తెలుగులో కారణం చెప్పే బాధ్యత కూడా ఉంది. “ఇది ఎందుకు, అది ఎందుకు వద్దు, ధర ఎంత” అని ఒక పేజీ రాసిచ్చేందుకు ఎంతసేపు పడుతుంది? ఆమె ఒళ్ళు చూసి నవ్వే, విసుక్కునే సిబ్బందిని మందలించడానికి ఏ ఉత్తర్వు కావాలి?

మోకాళ్ళ నొప్పితో ఈ ఉత్తరం చదివే అక్కలు, అమ్మలు కూడా ఒకటి గుర్తుంచుకోండి. షుగరు, బీపీ అదుపులో పెట్టుకోవడం, తగ్గగలిగినంత బరువు తగ్గడం మీకే మంచిది. తగ్గిన ప్రతి కిలోకు అడుగడుగునా మోకాలి మీద అంతకు కొన్ని రెట్ల భారం తగ్గుతుంది. అంతమాత్రాన తగ్గలేకపోయినవారికి చికిత్స పొందే హక్కు పోదు. వెనక్కి పంపితే కారణం రాసిమ్మని అడగండి. ఆపరేషన్ చేస్తే ఇంప్లాంట్ పేరు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరు, విడి బిల్లు అడిగి తీసుకుని దాచుకోండి.

మంత్రి గారూ, ఈ జిల్లా ఫ్యాక్టరీలు దేశదేశాలకు మందులు పంపుతున్నాయి. ఆ డబ్బాలు సర్దిన ఆడవాళ్ళు తమ మోకాళ్ళకు వైద్యం అడుగుతున్నారు. బరువు చూసి తిరస్కరించరాదన్న ఆదేశాన్ని మీ సొంత జిల్లా నుంచే మొదలుపెట్టండి.

ఇట్లు,
పటాన్‌చెరు నుంచి
ఒక పౌరురాలు